గ్రామసభలో మన ఆసనము

మన దేశమున నెన్ని సభలున్నను, వాటిలో సభ్యుడై కూర్చుండగోరు సామాన్యుడు ముందుగా ఎన్నికలలో నిలిచి గెలువవలయును. పార్లమెంటునకైనను, శాసనసభకైనను, జిల్లా పరిషత్తునకైనను, తుదకు ఊరి పంచాయతీ పాలకవర్గమునకైనను సాధారణముగా ఇదియే మార్గము. నామినేషను పత్రముతోను, ప్రచారముతోను, పార్టీతోను నిమిత్తము లేక, ఊరిలో ఓటున్న ప్రతి స్త్రీకిని ప్రతి పురుషునకును సభ్యత్వము నిచ్చు సభ యొక్కటి కలదు, అది గ్రామసభ. పంచాయతీ పరిధిలోని ఓటర్ల జాబితాలో పేర్లు నమోదైనవారందరితో కూడిన సంస్థయే గ్రామసభ యని రాజ్యాంగము 243వ అధికరణములో నిర్వచించినది. పదునెనిమిదేండ్లు నిండి జాబితాలో పేరు చేరిన నాటినుండి, కూలికి పోవు ఇల్లాలును, పది ఎకరముల రైతును, పట్నములో చదువుకొనుచు సెలవులకు ఇల్లు చేరిన విద్యార్థియు ఆ సభకు సమానముగా సభ్యులే. పాలకవర్గమునకు ఐదేండ్ల గడువు కలదు. గ్రామసభకు గడువు లేదు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ పంచాయతీల పాలకవర్గములకు గడువు తీరి, సర్పంచులు పదవులు వీడి, ప్రత్యేకాధికారుల పాలన ప్రవేశించినప్పుడు సైతము, ఊరి ఓటర్లతో కూడిన ఆ సభ మాత్రము చట్టరీత్యా చెక్కుచెదరక నిలిచియే యున్నది.

ఇంతటి గౌరవము గల సభకు మనవారు వెళ్ళు తీరు చూచినచో మనస్సు కలతపడును. వేదికపై అధికారులకును నాయకులకును కుర్చీలు. ఎదుట నేలపై జనము. ఆ జనము చేతులలో పింఛను కొరకో, ఇంటి స్థలము కొరకో, రేషను కార్డు కొరకో వ్రాయించుకొని వచ్చిన కాగితములు. ఆ కాగితము అందించి, "కాస్త చూడండి బాబూ" యని చేతులు జోడించి, పని ముగిసినదనుకొని ఇంటిముఖము పట్టుట. అర్జీ నిచ్చుట తప్పని నేననను. బీదవానికి పింఛను ప్రాణావసరము. అది దొరకవచ్చునన్న ఆశ కలిగిన చోట అడుగక యుండుమని చెప్పుటకు ఎవరికి నోరాడును? అయితే అర్జీలు స్వీకరించుటకు మండల కార్యాలయము కలదు, కలెక్టరు కార్యాలయమున సోమవారమునాటి విన్నపముల వేళ కలదు. గ్రామసభను చట్టము నిర్మించినది వేరొక పనికి: ఊరి సొమ్ము ఎంత వచ్చినది, ఎందుకు పోయినది, రాబోవు సంవత్సరమున ఏ పని ముందు జరుగవలయును, ఏ పథకమునకు ఎవరు అర్హులు అను ప్రశ్నలకు ఊరివారి ఎదుట, ఊరివారి చేత సమాధానము చెప్పించుటకు. అర్జీదారునకు లభించునది దయ. సభ్యునకు లభింపవలసినది లెక్క. ఈ రెంటి నడుమ గల అంతరము గుర్తెరిగినవాడు సభలో ప్రవర్తించు విధమే మారిపోవును.

వెళ్ళదలచువారు ముందుగా రెండు సమావేశములకు గల భేదమును తెలిసికొనవలయును. సర్పంచి, ఉపసర్పంచి, వార్డు సభ్యులు కూడి జరుపుకొనునది పంచాయతీ సమావేశము. అది నెలకొకమారు జరుగవలయును. అందు చేయెత్తి తీర్మానించు అధికారము ఎన్నికైన సభ్యులది. గ్రామసభ యన్ననో ఊరివారందరి సమావేశము. దానికి సర్పంచి అధ్యక్షత వహించును. సర్పంచి రాలేనినాడు ఉపసర్పంచి. పంచాయతీ కార్యదర్శి జరిగినదానిని పుస్తకమున వ్రాయును. సర్పంచి స్థానములలో సగము స్త్రీలకు కేటాయించిన మన రెండు రాష్ట్రములలోను, ఎన్నికైన మహిళ ప్రక్కన కూర్చుండియో, కొన్నిచోట్ల ఆమె కుర్చీలోనే కూర్చుండియో, భర్త సభ నడుపుట ఇంకను కన్పట్టుచునే యున్నది. ఆయనకు అచట ఓటరుగా కూర్చుండి మాటాడు హక్కు కలదు, అధ్యక్షత వహించు హక్కు లేదు. ఈ మాట సభలో ఎవరైన మర్యాదగా, గట్టిగా ఒకమారు చెప్పిన చాలును. "అమ్మా, మీరే చెప్పండి, మేము మీ మాట వినుటకే వచ్చితిమి" అనునంతటి మాటకే ఆ మహిళా సర్పంచికి ఊరి బలము తోడగును.

ఈ సంస్థ మనకు ఒక్కనాట లభింపలేదు. గ్రామ పంచాయతీలను నెలకొల్పవలెనని రాజ్యాంగము 40వ అధికరణమున ఆదేశించినను, అది ఆదేశిక సూత్రముగనే మిగిలినది. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము స్థానిక పాలనను గూర్చి నివేదిక సమర్పించినది. 1959లో రాజస్థానములోని నాగౌరులో పంచాయతీరాజ్యమునకు ప్రారంభోత్సవము జరుగగా, ఆ వెంటనే అదే యేట ఆంధ్రప్రదేశ్ ఆ బాటను పట్టినది. అయినను ఎన్నికలు వాయిదా పడుట, పాలకవర్గములను రద్దుచేయుట వంటి రుగ్మతలు మూడు దశాబ్దములు పీడించిన మీదట, 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చి, గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కల్పించినది. అయితే ఆ సభ కెట్టి అధికారము లుండవలయునో నిర్ణయించు భారమును రాష్ట్ర శాసనసభలకు వదలినది. కావుననే ఒక రాష్ట్రములో బలిష్ఠమైన గ్రామసభ, ప్రక్క రాష్ట్రములో నామమాత్రముగా నుండుట సంభవించినది.

ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టపు 6వ సెక్షను ప్రకారము గ్రామసభ సంవత్సరమునకు కనీసము రెండుమారులు జరుగవలయును. తెలంగాణ 2018లో తెచ్చుకొన్న చట్టము ఇంకను ముందునకు పోయి, రెండు నెలలకొకమారు సభ జరిపి తీరవలెనని శాసించినది. అంతేకాక ఊరి ఓటర్ల సంఖ్యను బట్టి కోరమును నిర్ణయించి, 500 మంది వరకు ఓటర్లున్న ఊరిలో 50 మందియు, పదివేలు మించిన ఊరిలో 400 మందియు హాజరు కావలెనని చెప్పినది. ఇవి గాక జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 వంటి దినములలో సభలు జరుపుమని కేంద్రము రాష్ట్రములకు సూచించుచు వచ్చినది. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీలలోను ఒకేనాడు గ్రామసభలు జరిగినవి. ఒకేనాటి సంరంభమున కొక మేలు కలదు: గ్రామసభ యనునది కలదని తెలియనివారికి గూడ తెలియును. కాని ఆనాటి ఫోటోలు పత్రికలలో పడిన తరువాత వచ్చు సాధారణపు సభలకు, వేదికపై మంత్రులుగాని కలెక్టరుగాని లేని సభలకు, ఎంతమంది వత్తురన్నదానిపైననే ఊరి బాగు ఆధారపడి యుండును.

సభ జరుగునను వార్త మనచెంతకు వచ్చువరకు వేచియుండరాదు. దండోరా వేయించుట, పంచాయతీ కార్యాలయపు బోర్డుపై నోటీసు అంటించుట పూర్వాచారము. నేడు వాట్సాప్ గుంపులలో సందేశము గూడ పంపుచున్నారు. ఐనను నడివీధిలో మ్రోగిన డప్పు శివారు పల్లెకు వినబడదు, ఎరుకల గుడిసెలకు వినబడదు, తండాకు వినబడదు. సందేశమో, ఫోను లేని ముసలివారికి చేరదు. పంచాయతీ కార్యదర్శిని కలిసి, "ఈమారు సభ ఏనాడు, ఎచ్చట, ఏ విషయములపై?" యని అడుగుట ప్రతి ఓటరు హక్కు. నలుగురు కలిసి వెళ్ళి అడిగినచో మరింత మేలు. మధ్యాహ్నపు టెండలో కూలిపనుల వేళ సభ పెట్టినచో కూలిజనము రానేరరు. సాయంకాలము పెట్టుమని, ప్రధాన గ్రామములోనే గాక శివారు పల్లెలలోను మార్చి మార్చి జరుపుమని ముందే వ్రాతపూర్వకముగా కోరవచ్చును.

సంతకముల పుస్తకమును గూర్చి ఒక హెచ్చరిక. కోరము చాలని సభకు కోరము సమకూర్చుటకై, సభకు రానివారి యిండ్లకు పుస్తకము పంపి సంతకములు, వేలిముద్రలు సేకరించు దురాచారము అనేక గ్రామములలో కలదు. పింఛను కాగితమనియో, బియ్యము కాగితమనియో చెప్పి ముద్ర వేయించుకొందురు. వేసిన ముద్ర, ఎన్నడును వినని తీర్మానమునకు సాక్ష్యమై కూర్చుండును. సంతకము సభాస్థలిలోనే చేయవలయును. పైన తేదీ, సభాస్థలము వ్రాసియున్నవో లేవో చూచిన పిమ్మటనే చేయవలయును. చదువురాని పెద్దలకు ఇంటి పిల్లలు ఆ పుటను చదివి వినిపింపవలయును. ఇది స్వల్ప విషయముగా దోచవచ్చును. కాని గ్రామసభలో ఓటరు చేతనున్న లిఖితసాక్ష్యము ఆ సంతకమొక్కటే కదా.

ఇక సభయెదుట పంచాయతీ తప్పక ఉంచవలసిన విషయములేవి? ఆంధ్రప్రదేశ్ చట్టము వాటిని విడమరచి చెప్పినది. వార్షిక జమాఖర్చుల వివరమును ఆడిట్ నివేదికయు. గత సంవత్సరపు పరిపాలన నివేదిక. రాబోవు సంవత్సరమున చేపట్టదలచిన పనులు. క్రొత్త పన్నులను, ఉన్న పన్నుల పెంపును గూర్చిన ప్రతిపాదనలు. పథకములను, లబ్ధిదారులను, పనులు జరుగవలసిన స్థలములను ఎంపికచేయుట. వీటిలో చివరిదానికొరకే జనము గుమిగూడుదురు. మొదటిదానిని ఎవరును అడుగరు. నా దృష్టిలో మొదటిదే తక్కినవాటికి మూలము. ఇంటిపన్నుగా ఊరు చెల్లించినదెంత, కుళాయి రుసుములెంత, కేంద్ర ఆర్థికసంఘపు నిధులు ఎంత వచ్చినవి, వీధిదీపములకు, పారిశుద్ధ్యమునకు, మోటారు మరమ్మతులకు పోయినదెంత యని పద్దు పద్దుగా చదివి వినిపింపబడినప్పుడు, తమ వీధిలో మూడు నెలలుగా వెలుగని దీపమునకు బిల్లు చెల్లినదని తెలిసికొను ఇల్లాలికి, ఏ ఉపన్యాసమును నేర్పలేని రాజ్యాంగపాఠము ఆ క్షణముననే బోధపడును.

ఈ బిగ్గరగా చదువుట యందు ఎంతటి శక్తి కలదో రాజస్థానములోని పేదలు మొదట చూపించిరి. 1994 డిసెంబరులో పాలి జిల్లా కోట్ కిరానా గ్రామమున మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు, కరవుపనుల లెక్కల కాగితములను సంపాదించి, ఊరివారి నడుమ పందిరి వేసి, ఎవరెవరికి ఎంత కూలి చెల్లించినట్లు వ్రాసియున్నదో పేరుపేరున చదివిరి. ఆ జన సునవాయీల, అనగా బహిరంగ విచారణల, పరంపరయే సమాచార హక్కు ఉద్యమమునకు బీజమై, 2005లో చట్టముగా ఫలించినది. తెలుగునాట దానికి మరియొక శాఖ మొలకెత్తినది. అనంతపురము జిల్లా బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకము ప్రారంభమైన పిదప, ఆ పథకమునకు మూలమైన చట్టపు 17వ సెక్షను గ్రామసభకు అప్పగించిన సామాజిక తనిఖీ బాధ్యతను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గట్టిగా చేపట్టి, 2009లో అందుకొరకు ప్రత్యేకముగ ఒక సంస్థనే నెలకొల్పినది. కూలీల కుటుంబముల నుండియే యువతీయువకులను ఎన్నుకొని, మస్టర్లు అను హాజరుపట్టీలు చదువుట, చెరువుపూడిక కొలతలు కొలుచుట నేర్పి, ఇంటింటికి పంపి విచారింపజేసి, తేలిన విషయములను గ్రామసభలో చదివి, పిమ్మట మండల కేంద్రమున ప్రజావేదిక యెదుట అధికారులచేత జవాబు చెప్పించు ఆ పద్ధతి దేశమునకు ఆదర్శముగా నిలిచినది. చనిపోయినవారి పేర పడిన హాజరులు, ఊరిలో లేనివారికి చెల్లిన కూలి, త్రవ్వని గుంటకు వ్రాసిన కొలతలు ఆ వేదికలపై వెల్లడియైనవి. కాగితమెంతటి పండితునిచే వ్రాయబడినను, ఊరివారి కన్నులకు ఎదురు నిలువజాలదు. ఆ గుంట ఉన్నదో లేదో గొర్రెల కాపరికి తెలియును.

కనుక గ్రామసభకు ఉత్తచేతులతో పోరాదు. సభకు చాల దినముల ముందుగానే, ఊరిలో చదువుకొన్న పిల్లలు నలుగురు కలిసి, పంచాయతీ నగదు పుస్తకము, గత సభ తీర్మానముల నకలు, మంజూరైన పనుల జాబితా అడిగి తెచ్చుకొనవలయును. ఈయనిచో సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు చేయవచ్చును. మన రెండు రాష్ట్రములలోను గ్రామస్థాయి కార్యాలయమునకు చేయు దరఖాస్తునకు రుసుము లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 దినములలో సమాధానము రావలయును గనుక, సభా దినమునకు నెలకు మించి ముందుగనే దరఖాస్తు వేయుట వివేకము. పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలు, నిధుల వ్యయము ఈ-గ్రామస్వరాజ్ అను ప్రభుత్వ వేదికపై నమోదగుచున్నవి. అచ్చట వ్రాసినదానిని ఊరిలో కనబడుదానితో పోల్చిచూచుట ఒక్క సాయంకాలపు పని.

సభలో మాటాడుట యన్నది చాలమందికి భయము గొలుపు విషయము. ఊరి పెద్దలయెదుట, అప్పిచ్చినవాని యెదుట, పనిలోనికి పిలుచు ఆసామియెదుట నిలువబడి నోరు విప్పుటకు ధైర్యము కావలయును. చదువురానివారును భూమి లేనివారును సభలో ఏమి మాటాడగలరని తీసిపారవేయువారికి, పరిశోధకులు చూపిన సత్యము కనువిప్పు కావలయును. పరోమితా సన్యాల్, విజయేంద్రరావు అను ఇరువురు విద్వాంసులు దక్షిణభారతమునందలి నాలుగు రాష్ట్రములలో సుమారు 300 గ్రామసభలలో జరిగిన సంభాషణలను యథాతథముగా సేకరించి, పరిశీలించి, 2018లో గ్రంథముగా ప్రకటించిరి. విజయేంద్రరావు మరికొందరితో కలిసి చేసిన వేరొక పరిశీలనలో, గ్రామసభలకు భూమిలేనివారు, చదువులేనివారు, దళితులు తక్కినవారికన్న అధికముగా వత్తురనియు, సభలు జరిగిన ఊళ్ళలో పేదలకు ఉద్దేశించిన కార్డులు పేదలకే చేరు అవకాశము హెచ్చనియు తేలినది. సభకు మొగము చాటువేయుచున్నది ఎవరో దీనివలన స్పష్టమగుచున్నది. కలవారికి సర్పంచి ఇంటి తలుపు తెరచియే యుండును. సభతో వారికి పనిలేదు. లేనివారికి ఆ సభయే తలుపు.

మాటాడువారు తమ ఒక్క యింటి మాట కంటె వీధి మాట చెప్పినచో బలము చేకూరును. "మా యింటికి నీరు రాదు" అను మాట ఒక ఫిర్యాదు. "మా వాడకట్టులో కుళాయి పైపు ఈ మలుపు దాటి వేయలేదు, పోయిన సంవత్సరపు పనుల జాబితాలో అది పూర్తియైనట్లున్నది" అను మాట సభ తప్పించుకొనజాలని ప్రశ్న. ముందురోజు రాత్రి వాడవారందరును ఒకచోట కూడి, ఏ రెండు విషయములు అడుగవలయునో, ఎవరు అడుగవలయునో నిర్ణయించుకొని పోవుట ఉత్తమము. పొదుపు సంఘముల స్త్రీలకు ఈ అభ్యాసము ముందే కలదు. నెలనెలా కూర్చుండి లెక్కలు వ్రాసికొనువారు, ఊరి లెక్క అడుగుటకు జంకనవసరము లేదు. కేరళలో 1996లో ప్రజా ప్రణాళికోద్యమము ఆరంభమైన నాటినుండి, సభకు వచ్చినవారు వ్యవసాయము, విద్య, త్రాగునీరు అని విషయమునకొక గుంపుగా విడిపోయి చర్చించి, పిమ్మట అందరియెదుట తమ నిర్ణయములు చెప్పు పద్ధతిని అవలంబించిరి. వందలమంది నడుమ నోరు మెదపని స్త్రీ, ఇరువదిమంది నడుమ చక్కగా మాటాడును. ఈ పద్ధతిని మన గ్రామములలో ప్రవేశపెట్టుటకు ఏ చట్టమును అడ్డురాదు. సర్పంచికి సుముఖత యున్న చాలును.

అన్నిటికంటె ముఖ్యమైన ఘట్టము సభ చివర వచ్చును, అప్పటికి జనము లేచిపోవుచుందురు. కార్యదర్శి తీర్మానములను పుస్తకమున ఎక్కించు సమయమది. మాటాడినదంతయు గాలిలో కలసిపోవును. వ్రాసినది మాత్రమే మిగులును. పది నిమిషములు ఓపికపట్టి, తీర్మానములను బిగ్గరగా చదువుమని కోరవలయును. మనము చెప్పినది అందు లేకున్నచో చేర్పింపవలయును. అభ్యంతరము చెప్పియున్నచో అభ్యంతరమనియే వ్రాయింపవలయును. పుటలో ఖాళీ వదలిన చోట గీత గీయింపవలయును. వారము దినములలో ఆ పుటల నకలు తెచ్చుకొని భద్రపరచినచో, తరువాతి సభలో "క్రిందటి తీర్మానములు ఎంతవరకు వచ్చినవి?" అను ప్రశ్నతోనే కార్యక్రమము ప్రారంభింపజేయవచ్చును.

ఈ సభ తీర్మానమునకు గల బలమెంత యను ప్రశ్నకు నిజము చెప్పవలయును. మైదాన ప్రాంతపు గ్రామములలో గ్రామసభ సూచనలను పంచాయతీ తగినట్లు పరిశీలింపవలెనని మాత్రమే ఆంధ్రప్రదేశ్ చట్టము చెప్పుచున్నది. తప్పక పాటింపవలెనని చెప్పలేదు. ఇది పెద్ద లోపమని నా అభిప్రాయము. దీనిని సవరించు దినము రావలయును. కాని ఏజెన్సీ ప్రాంతములలో సంగతి వేరు. 1996 డిసెంబరులో పార్లమెంటు చేసిన పెసా చట్టము, షెడ్యూల్డు ప్రాంతపు గ్రామసభకు పథకములను ఆమోదించుట, ఖర్చైన నిధులకు వినియోగ ధ్రువపత్రమిచ్చుట, భూసేకరణకు ముందు సంప్రదింపబడుట వంటి అధికారముల నిచ్చినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము క్రింద పోడుభూముల హక్కుపత్రములకు విచారణ మొదలగునదియు గ్రామసభలోనే. ఆ సభకు ఊరివారిలో సగముమంది హాజరు కావలయును, హాజరైనవారిలో మూడవవంతు స్త్రీలై యుండవలయును.

మన పొరుగుననే యున్న నియమగిరి కథ ప్రతి తెలుగువాడును తెలిసికొనదగినది. ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల సరిహద్దున గల ఆ కొండలపై బాక్సైటు త్రవ్వుటకు పెద్ద కంపెనీ ఒకటి సిద్ధపడగా, ఆ కొండను దైవముగా కొలుచు డోంగ్రియా కోందులు ప్రతిఘటించిరి. వివాదము సుప్రీంకోర్టునకు చేరినది. 2013 ఏప్రిల్ 18న న్యాయస్థానము, ఆ కొండపై వారికి గల మతపరమైన, సాంస్కృతికమైన హక్కులను నిర్ణయింపవలసినవి గ్రామసభలేనని తీర్పు చెప్పినది. జూలై, ఆగస్టు నెలలలో జిల్లా న్యాయాధికారి సమక్షమున 12 పల్లెలలో సభలు జరిగినవి. కొన్ని పల్లెలలో ఓటర్లు ఏబదిమందికి లోపే. వానలో తడిసిన కొండబాటల వెంట వచ్చి, తమ భాషలో, తమ మాటలలో, ఒకరి తరువాత ఒకరు చెప్పిన సమాధానము పండ్రెండు చోట్లను ఒక్కటియే: వద్దు. మరుసటి సంవత్సరారంభమున కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ఆ గనికి అనుమతి నిరాకరించినది. ఏబదిమందైనను లేని సభ కింతటి శక్తి వచ్చినది ఎట్లన, ఆనాడు ప్రతియొక్కడును తన సభ్యత్వమును నిజముగా వినియోగించుకొనెను. అడిగిన ప్రశ్నకు సభలో చెప్పిన ప్రతి మాటయు లిఖితమయ్యెను.

పట్టణవాసులకు ఇట్టి సభ లేదు. మునిసిపల్ కౌన్సిలు సమావేశములో మాటాడునది కౌన్సిలర్లు. పౌరునకు చూచు హక్కే గాని మాటాడు హక్కు లేదు. అయితే ఆ చూచు హక్కు మిక్కిలి ప్రాచీనమైనది. 1920 నాటి మదరాసు జిల్లా మునిసిపాలిటీల చట్టముననే కౌన్సిలు సమావేశములు ప్రజలకు తెరచియుండవలెననియు, బయటికి పంపవలసివచ్చినచో కారణము పుస్తకమున వ్రాయవలెననియు నియమము కలదు. ఆ సంప్రదాయమే 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టమునకును సంక్రమించినది. పన్నులు క్రొత్తగా విధించుటకు గాని హెచ్చించుటకు గాని ముందుగా ప్రకటన చేసి, అభ్యంతరములకు నెలకు తక్కువ కాని గడువు ఈయవలెననియు అందు కలదు. ఆ ప్రకటన పత్రికలో ఒక మూల చిన్న అక్షరములలో పడును. పడిననాడు ఎవరును చదువరు. పన్ను నోటీసు ఇంటికి వచ్చిననాడు అందరును ఆగ్రహింతురు.

పన్ను విధించువారు ప్రజల నడుగకున్నచో ఏమగునో తెలుగుదేశమునకు చీరాల పేరాల తెలిపినది. ఆ రెండు గ్రామములను కలిపి మదరాసు ప్రభుత్వము మునిసిపాలిటీగా చేయగా, పన్నుల భారము పలురెట్లు పెరిగి, చేనేత కార్మికులును చిన్న వర్తకులును విలవిలలాడిరి. విన్నపములు విఫలమైనవి. 1921లో, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున, ఏప్రిల్‌లో అచటికి వచ్చిన గాంధీజీ సలహాను అనుసరించి, ప్రజలు వేలాదిగా ఇండ్లు విడిచి, మునిసిపల్ ఎల్లలు దాటి, రామనగర మను తాత్కాలిక గ్రామమున సుమారు 11 నెలలు ఎండవానల కోర్చి నివసించిరి. పన్ను కట్టుట నిరాకరించినందులకు కారాగారమున కేగినవారిలో అలివేలమ్మ యను స్త్రీయు కలదు. నేటి పౌరునకు ఇల్లు విడిచి పోవలసిన పని లేదు. ప్రకటన వెలువడిన నెలలోపల అభ్యంతరపత్రము నిచ్చి, రశీదు తీసికొని, తన వార్డు కౌన్సిలరును కలిసి, ఆ అభ్యంతరమును సమావేశమున చదివింపుమని కోరి, ఆనాడు వీక్షకుల బల్లపై పదిమంది పొరుగువారితో కూర్చుండిన చాలును. ఎవరును చూడని సమావేశములో అరగంటలో తీరిపోవు విషయము, వీక్షకులున్ననాడు చర్చకు వచ్చును. ఇది అనుభవజ్ఞులైన కౌన్సిలర్లందరికి తెలిసిన సంగతి.

చివరగా వార్డు సంఘముల సంగతి. మూడు లక్షలు, ఆపైన జనాభా గల పట్టణములలో వార్డు సంఘము లుండవలెనని రాజ్యాంగము 243ఎస్ అధికరణమున విధించినది. తెలంగాణ 2019 మునిసిపాలిటీల చట్టము అంతటితో నాగక, చిన్న పట్టణములలో సైతము ప్రతి వార్డునకు యువకులకొకటి, స్త్రీలకొకటి, వయోవృద్ధులకొకటి, ప్రముఖ పౌరులకొకటి యని 15 మంది చొప్పున నాలుగు సంఘములను ఏర్పరచినది. అనగా ఒక్క వార్డులో అరువదిమందికి పట్టణపాలనలో పాలుపంచుకొను స్థానము. ఈ సంఘములు అనేకచోట్ల కాగితముపైననే నిలిచిపోయినవి. తమ పేరు జాబితాలో కలదని తెలియని సభ్యులును ఉందురు. మునిసిపల్ కార్యాలయమునకు పోయి మీ వార్డు నాలుగు సంఘముల జాబితా అడుగుడు. కడపటి సమావేశము జరిగిన తేదీ యేదో, అందు ఏమి వ్రాసిరో చూపుమనుడు. ఖాళీలున్నచో మీ పేరు, మీ వీధిలో పనిచేయగల మరి ఇద్దరి పేర్లు వ్రాసి యిచ్చి, రశీదు తీసికొని రండు.